పన్నెండు అనాల్సిన చోట

సోల్నిక్, మార్చి 4

తమ్ముడు మిర్జెత్‌కు,

అక్క షెరిఫా సలాం. బాగున్నానని రాస్తే నువ్వు నమ్మవు, బాగాలేనని రాస్తే బస్సెక్కి వచ్చేస్తావు, కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను. తుంటి అతికింది కానీ గుట్ట ఎక్కనివ్వడం లేదు. ఫోనులో నీ గొంతు సీసాలో ఈగ తిరిగినట్టు వినిపిస్తుంది. మగ్గాల మిల్లు నా చెవులు తీసుకుంది, ఇక తిరిగి ఇవ్వదు. అందుకే ఈ ఉత్తరం. మారిబోర్ బస్సు నడిపే ఫిక్రెత్ చేతికిస్తున్నాను. "షెరిఫక్కా, ఇందులో పొగబెట్టిన మాంసం లేదు కదా, సరిహద్దులో కుక్కలు నన్ను పీక్కుతింటాయి" అన్నాడు. మాటలే ఉన్నాయిరా అన్నాను.

విషయం నా బిడ్డ ఎల్విర్ డ్రోన్ గురించి. వాడు పెళ్లిళ్లకు పైనుంచి వీడియోలు తీసేది, నువ్వు కొనిచ్చినదే. సరదాకి నాకూ నేర్పాడు. శరత్కాలంలో వాడు పోయాడు, ఆ మంచుకాలంలోనే నేను జారిపడ్డాను. అప్పటినుంచి వాడి దగ్గరికి నా తరఫున ఆ డ్రోనే వెళ్తోంది. పెరట్లో బావి పక్క చదును రాతి మీదనుంచి లేపుతాను. లేచేముందు అది ఆ రాతిని సున్నా అనుకుంటుంది. వాగు దాటి గుట్ట మీద ఖబరస్తాన్‌కు వెళ్తుంది. అక్కడ గేటు పక్కన జనాజా పాడె దించే రాయి ఉంది కదా, దాని మీద దింపుతాను. అక్కడినుంచి కెమెరాలో వాడి తెల్లరాయి కనబడుతుంది. కాసేపు చూసుకుని వెనక్కి పిలుస్తాను.

ఆ రాతి మీద దిగితే తెర మీద పన్నెండు రావాలి. మన పెరటికన్నా అది పన్నెండు మీటర్లు ఎత్తు. "అమ్మా, పన్నెండు చూశావంటే దిగినట్టే, ఇక ఆపెయ్" అని, నాకు నేర్పేటప్పుడు ఆ రాతి మీదే దింపించేవాడు ఎల్విర్. మొన్న పన్నెండు చూసి ఆపేశాను. అది ఇంకా గాల్లోనే ఉంది. ధబ్బున పడి ఒక రెక్క అంచు చెక్కుకుపోయింది, నా గుండె కూడా. రెక్క వాడి డబ్బాలో ఇంకోటి ఉంది. ఇప్పుడు కెమెరాలో నేలను చూసుకుంటూ దింపుతున్నాను, దిగాక పదకొండు అంటోంది. పోవడానికి వారం ముందు వాడూ అన్నాడు, "దీని ఎత్తు కొలిచేది చెడినట్టుంది, మామయ్యకు పంపాలి" అని. పంపలేకపోయాడు.

ఎలా బాగుచెయ్యాలో రాయి. ఇంకోసారి పడితే నేను తట్టుకోలేను. పిల్లలకు ముద్దులు.

నీ అక్క


మారిబోర్, మార్చి 12

అక్కా,

నీ ఉత్తరం ఫిక్రెత్ దుకాణానికే తెచ్చిచ్చాడు. బల్ల మీద ఆరు డ్రోన్లు పొట్టలు విప్పి పడున్నాయి, వాటిని పక్కకు తోసి నీకు రాస్తున్నాను.

ఎత్తు తెలుసుకోవడానికి దానికి రెండు సాధనాలున్నాయి. ఒకటి లోపల చిన్న బిళ్ల, గాలి ఒత్తిడిని కొలుస్తుంది. పైకి పోయేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది, దాన్నిబట్టి ఎత్తు లెక్కగడుతుంది. రెండోది పొట్ట కింద కళ్లు, నేల దగ్గరపడ్డాక అవి చూస్తాయి. మంచు మీద, నీళ్ల మీద, పొడుగు గడ్డి మీద ఆ కళ్లు మోసపోతాయి. మీకింకా మంచుందిగా, అదే అయ్యుంటుంది. మంచు కరిగేదాకా ఆగు. బిళ్ల మీద చిన్న స్పాంజి ముక్క ఉంటుంది, అది ఊడితే రెక్కల గాలి నేరుగా తగిలి అంకె తప్పుతుంది. పక్క మూతలోంచి చూడు. ఎండలో వేడెక్కినా తప్పు చెబుతుంది, నీడలో ఉంచి లేపు. తర్వాత దాన్ని సమంగా ఉన్న బల్ల మీద పెట్టి, ఫోనులో 'సరిచెయ్యి' నొక్కు.

ఇంత తంటా ఎందుకు, ఫిక్రెత్‌కిచ్చి పంపు, ఒక పూటలో చేసిస్తాను. నువ్వూ దానితోపాటే వస్తే ఇంకా మంచిది. నీ గది సిద్ధంగా ఉంది, కిటికీలోంచి చెస్ట్‌నట్ చెట్లు కనబడతాయి. ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఏం చూస్తావక్కా. వాడు ఆ రాత్రి రోడ్డు మలుపులో బండి కాస్త నెమ్మదిగా నడిపి ఉంటే ఈ రోజు ఇదంతా లేదు. ఏం చేస్తాం.

మిర్జెత్


సోల్నిక్, మార్చి 21

తమ్ముడూ,

ముందు ఒక మాట. వాడు వేగంగా వచ్చాడని నువ్వు రాయకు. పోలీసు రాశాడు, ఊరు అంటోంది, రొట్టెల కొట్టు దగ్గర ఆడవాళ్లు నాకు వినపడదనుకుని నా ముందే అంటారు. పెదవులు కదలడం నాకు కనిపిస్తుంది. నువ్వన్నా అనకు. వాడు బండి ఎక్కాడంటే ఆ మలుపులో నడిచేవాళ్లు కూడా దాటిపోయేవాళ్లు, అంత నెమ్మది.

మంచు కరిగింది. స్పాంజి ఉన్నచోటే ఉంది. నీడలోనే లేపాను. 'సరిచెయ్యి' దగ్గర మాత్రం చిక్కొచ్చింది. వంటింటి బల్ల మీద పెడితే 'సమంగా లేదు' అంది. పడకగదిలో పెట్టాను, సమంగా లేదు. కిటికీ అరుగు మీద, మెట్టు మీద, నమాజు చదివే గదిలో నేల మీద, అన్నిచోట్లా అదే మాట. చివరికి రొట్టె పిసికే పలక కింద అట్టముక్కలు మడిచి మడిచి పెడితే ఒప్పుకుంది. మన ఇల్లు నీకు తెలియనిదా. కప్పులో కాఫీ పోస్తే ఒక పక్క అంచు తడుస్తుంది, రెండో పక్క పొడిగా ఉంటుంది. అలవాటే.

వసంతం వచ్చిందని వడ్రంగి వచ్చి ఎప్పటిలాగే అందరి తలుపులూ చిత్రిక పట్టాడు. ఈసారి నా ముందు తలుపుకు రెండుసార్లు పట్టాల్సొచ్చింది. "షెరిఫక్కా, ఇంకో రెండేళ్లు ఇలాగే పడితే నీకు తలుపు మిగలదు, పరదా కట్టుకోవాలి" అన్నాడు. ఖబరస్తాన్ గేటు కూడా పట్టడం లేదని మసీదు హోజా దాన్నీ చెక్కించాడట. కింద ఉప్పు కదులుతోంది అనుకోవడం, తలుపు చెక్కించుకోవడం, మన తాతల కాలంనుంచీ ఇంతే కదా.

సరిచేశాక లేపాను. పదిన్నర వచ్చింది. ఇంకా తగ్గింది.

దాన్ని పంపమని మాత్రం అడగకు. పంపితే నువ్వు దాన్ని అక్కడే ఉంచుకుని, కావాలంటే రా అంటావు. చిన్నప్పుడు నా బొమ్మను అటకెక్కించి అలాగే చేశావు.

ఎల్విర్ కప్పు రోజూ బల్ల మీద పెడుతున్నాను. రాని మనిషికి ఒక కప్పు ఎక్కువ పెట్టడం అమ్మ నేర్పిందే, మనిషి ఇక రాడని తెలిసినా చెయ్యి ఆగదు.

షెరిఫా


మారిబోర్, ఏప్రిల్ 2

అక్కా,

ఆ మాట రాసినందుకు క్షమించు. చెయ్యి రాసేసింది.

ఇంట్లో సమంగా ఉన్నచోటు ఒక్కటీ లేదా? మునుపు వంటింటి బల్ల బాగానే ఉండేది. పోయిన బక్రీదుకు వచ్చినప్పుడు దాని మీదే నేనూ ఎల్విర్ ఆ డ్రోన్‌ను సరిచేశాం, మొదటిసారికే ఒప్పుకుంది.

రెండు పరీక్షలు చెయ్యి. ఒకటి, ఖబరస్తాన్‌కు వెళ్లి వచ్చాక మళ్లీ బావి పక్క రాతి మీదే దింపి అంకె చూడు. బిళ్ల చెడితే అక్కడ సున్నా రాదు, ఒకటో రెండో తేడా ఉంటుంది. రెండు, పెరట్లో లేపి, మేడ మీద వరండాలో దింపు. నాన్న కట్టినప్పుడు ఆ వరండా మూడు మీటర్ల ఎత్తని నాకు గుర్తు. మూడు వస్తుందా చూడు.

ఆ అంకెలు నాకు కావాలి. తొందరగా రాయి.

మిర్జెత్


సోల్నిక్, ఏప్రిల్ 11

తమ్ముడూ,

చెప్పినట్టే చేశాను, ఎండరోజు చేశాను, మబ్బురోజు చేశాను. వెళ్లొచ్చాక బావి రాతి మీద సున్నా. ప్రతిసారీ సున్నా. వరండా మీద మూడు. దించే రాతి మీద మాత్రం పది.

మరి ఇదేం చోద్యం? అన్నిచోట్లా నిజం చెప్పి వాడి దగ్గరికి వెళ్లేసరికి అబద్ధం చెబుతుందా? రాత్రంతా ఆలోచించాను. వాడి దగ్గరే ఎందుకు దిగిపోతోంది? హోజాను అడిగాను. "కొత్త సమాధి మట్టి కుదురుకుంటుందమ్మా" అన్నాడు. నేను అడిగింది సమాధి సంగతి కాదు, గేటు దగ్గర రాతి సంగతి. అది మా తాత పుట్టకముందునుంచీ ఉంది, అది ఇప్పుడేం కుదురుకుంటుంది? ఆయనకు కోపమొచ్చినట్టుంది, గడ్డం సర్దుకుని వెళ్లిపోయాడు.

ఇంకో సంగతి. బావి నీళ్లు ఉప్పగా అయ్యాయి. కాఫీ కూడా ఉప్పగా ఉంటోంది, చక్కెర ఎక్కువ వేస్తున్నాను. పిల్లి వారంనుంచి ఇంటికి రావడం లేదు. నా నేస్తం జుమ్రా వాళ్లింటి పక్క బడి దగ్గర తిరుగుతోందట. దానికి అక్కడ ఎవరు చేపలు పెడుతున్నారో.

ఎత్తు కొలిచేదానికి ఏం మందు వెయ్యాలో రాయి.

షెరిఫా


మారిబోర్, ఏప్రిల్ 17

అక్కా,

ఇది కూర్చుని చదువు. రెండుసార్లు చదువు.

దానికి జబ్బు లేదు. వెళ్లొచ్చాక సున్నా చూపించింది, వరండాలో మూడు చూపించింది. అంటే బిళ్ల బాగుంది. అది దించే రాతి మీద పది అంటే ఆ రాయి పదిలో ఉందని అర్థం. గుట్ట దిగుతోందక్కా. మొత్తం ఒక్కటిగా, మెల్లగా దిగుతోంది కాబట్టి కంటికి తెలియడం లేదు. బల్ల వంగింది, తలుపు రెండుసార్లు చెక్కారు, బావిలో ఉప్పొచ్చింది. ఇవన్నీ నువ్వే రాశావు.

నాన్న ఉప్పు బావుల్లో పనిచేసినప్పుడు ఏం చేసేవాళ్లో నీకు గుర్తుందా? కిందికి నీళ్లు పంపేవాళ్లు, ఉప్పు కరిగితే ఆ నీళ్లు పైకి తోడేవాళ్లు. ఏళ్ల తరబడి తోడారు. తోడిన చోట ఏముంటుంది? ఖాళీ. బావులు మూసేశారు కానీ ఆ ఖాళీని ఎవరూ పూడ్చలేదు.

ఇల్లు వదిలి వచ్చెయ్యి. ఈ వారమే. పురపాలక కార్యాలయానికి ఫోను చేశాను, ఎవరినో పంపుతామన్నారు. ఫిక్రెత్ పక్కసీటు నీకోసం ఖాళీ ఉంచుతాడు.

మిర్జెత్


సోల్నిక్, ఏప్రిల్ 26

మిర్జెత్,

నీ మనిషి వచ్చాడు. తోలు సంచీ, మెరిసే బూట్లు. ఎంతసేపు తలుపు కొట్టాడో, నాకు వినపడదు కదా. చివరికి కిటికీలోంచి తల పెట్టాడు, నేను కేకేశాను, కాఫీ గిన్నె ఒలికింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాను. ఏదో మాట్లాడాడు, నాకు అర్థమైంది 'ఇల్లు', 'సంతకం' అనే రెండు మాటలే. నా ఇల్లు రాయించుకోవడానికి మనుషుల్ని పంపిస్తున్నావా? కాగితం వెనక్కి తోసేశాను. పోతూ పోతూ గోడలో పగుళ్లకు వేసిన సున్నం గోకి చూశాడు. మర్యాద లేదు.

నీ ఉద్దేశం నాకు తెలుసు. మొదట డ్రోన్ పంపమన్నావు. తర్వాత గది ఉంది, చెట్లు ఉన్నాయి అన్నావు. ఇప్పుడు గుట్ట దిగుతోంది అంటున్నావు. రేపు ఆకాశం దిగుతోంది అంటావు. నన్ను ఇక్కడినుంచి లేపడానికి నీకు దొరికిన మాట ఇది. నా కొడుకు గుట్ట మీద ఉన్నాడు. వాడిని వదిలి నేను నీ చెస్ట్‌నట్ చెట్లు చూస్తూ కూర్చోవాలా? వాడి రాయి నాకు రోజూ కనిపిస్తోంది, నిటారుగా ఉంది. దిగుతుంటే కనబడదా?

డ్రోన్ గురించి ఇక రాయకు. చెడినా నాకది చాలు.

షెరిఫా


మారిబోర్, మే 3

అక్కా,

ఆ మనిషి సంతకం అడిగింది ఇల్లు తీసుకోవడానికి కాదు, ప్రమాదమని నీకు చెప్పినట్టు రాసుకోవడానికి. నేను ముందే చెప్పాల్సింది. తప్పు నాదే. వాళ్లు మళ్లీ రారు, సంతకం పెట్టలేదని దస్త్రం మూసేశారు.

నువ్వు కోపంలో ఉన్నావు కాబట్టి ఇక రమ్మనను. ఒప్పుకుంటున్నాను, నేను పొరబడి ఉండొచ్చు. దూరంనుంచి నాడి పట్టే వైద్యుణ్ణి కదా. ఆఖరిగా ఒక్క పరీక్ష చెయ్యి, అందులో డ్రోన్‌దే తప్పని తేలితే నీ కాళ్లు పట్టుకుంటాను, జన్మలో ఈ ఊసెత్తను.

బడి గట్టి రాతి మీద కట్టారు. దాని కింద ఉప్పు లేదు, నాన్న చెప్పేవాడు. అక్కడినుంచి లేపు. మూడు చోట్ల దింపు: మన బావి రాయి, ఖబరస్తాన్ రాయి, రోడ్డు మలుపు దగ్గర మైలురాయి. ఒక్కరోజు చూస్తే సరిపోదు, ఒక వారం చూడాలి. రోజూ అంత దూరం నడవలేవు, కాబట్టి జుమ్రా వాళ్లింట్లో ఉండు. ఆమె బడి పక్కనేగా. నేను ఆమెకు రాశాను. పిల్లి కూడా అక్కడే ఉందన్నావు, పోయి దాన్ని తెచ్చుకోవడానికన్నా వెళ్లు.

మిర్జెత్


సోల్నిక్, జుమ్రా వాళ్లింటినుంచి, మే 15

తమ్ముడూ,

నిన్ను ఓడించాలనే వచ్చాను. రోజూ పొద్దున్నే బడి వాకిట్లో నిలబడి ఎగరేస్తున్నాను. పిల్లలు చుట్టూ మూగి "నానమ్మ పైలట్" అంటున్నారు. జుమ్రా నా ఫోను మీద ఎండ పడకుండా గొడుగు పట్టుకుని నిలబడి, "నీ తమ్ముడు నాకు ఏడు పేజీలు రాశాడు, నా మొగుడు పెళ్లికి ముందు కూడా అంత రాయలేదు" అంటోంది.

మొదటిరోజు మన బావి రాయి బడికన్నా ఇరవై నాలుగు కింద ఉంది. ఖబరస్తాన్ రాయి పద్నాలుగు కింద. ఈ రోజు మన రాయి ఇరవై అయిదు. ఖబరస్తాన్ రాయి పదహారు. మన ఇల్లూ దిగుతోంది. రెండూ కలిసి దిగుతుంటే ఒకదాన్ని చూసి ఇంకొకటి నిలకడగా ఉందనుకున్నాను. వెళ్లొచ్చాక బడి వాకిట్లో సున్నా. నువ్వు కాళ్లు పట్టుకోనక్కర్లేదు.

ఇక మూడో చోటు. మలుపు అన్నిటికన్నా ఎక్కువ దిగుతోంది. రాత్రికి రాత్రి తారు మధ్యలో మెట్టులాగా విరిగి ఉంటోంది, పొద్దున రోడ్డువాళ్లు వచ్చి పూస్తున్నారు. పైనుంచి చూస్తే అతుకు మీద అతుకు. అన్నిటికన్నా కింద, పాతబడి బూడిదరంగులో ఉన్న అతుకు ఒకటి కనబడింది. వాడు పోయిన మర్నాడు వేసింది. ఆ రోజు అక్కడ తారు పోస్తుంటే నేను చూశాను, నా కొడుకు రక్తం కప్పుతున్నారనుకున్నాను. వాళ్లు కప్పింది మెట్టును, మిర్జెత్. వాడు నెమ్మదిగానే వచ్చాడు. చీకట్లో ఆ మెట్టు వాడికేం తెలుస్తుంది. ముందురోజు లేదు కదా.

డ్రోన్ చెడిందని వాడన్నాడే, వాడికీ అదే కనిపించింది. మేమిద్దరం యంత్రాన్ని అనుమానించాం. తలుపు చెక్కించుకునే ఊరు కదా.

రొట్టెల కొట్టుకెళ్లి అందరి ముందూ ఈ మాట చెప్పాను. ఎవరూ పెదవి కదపలేదు.

హోజా కూడా ఈ ఉదయం వచ్చి తెర చూశాడు. ఈసారి గడ్డం ముట్టుకోలేదు. ఎల్విర్‌ను ఇక్కడ బడి వెనక నేలకు మార్చడానికి ఒప్పుకున్నాడు, శుక్రవారం పొద్దున మనుషులు పారలతో వస్తారు. గుట్ట కింద మూడిళ్లవాళ్లూ బడికి వచ్చేశారు. నేను గురువారం ఒక్కసారి ఇంటికెళ్లి వాడి కప్పు, చలికోటు తెచ్చుకుంటాను. ఊరికే వెళ్లి వచ్చేస్తాను.

నీ అక్క


మారిబోర్, మే 18

అక్కా,

వెళ్లకు. కప్పు కోసం వెళ్లకు, కోటు కోసం వెళ్లకు. శుక్రవారం మనుషుల్ని కూడా ఆపు. అంకెలు ఇంత తొందరగా మారుతున్నాయంటే ఇక దానికి ఆగే ఓపిక లేదు. ఫిక్రెత్ ఈ రాత్రే బయల్దేరుతున్నాడు, బస్టాండులో ఆగకుండా ఈ ఉత్తరం నేరుగా బడి దగ్గరికే తెస్తానన్నాడు. వాడు చేతికిచ్చినప్పుడు నిలబడే చదువు. వాడి వెనకే నేనూ వస్తున్నాను.

మిర్జెత్


సోల్నిక్, బడి, జూన్ 6

తమ్ముడూ,

నువ్వు వచ్చి, చూసి, నీ దుకాణానికి వెళ్లిపోయావు. ఇక్కడ ఉన్న మూడు రోజులూ నీకు చెప్పలేకపోయింది రాస్తున్నాను. ఎదురుగా ఉంటే నీ మొహం చూస్తూ నేను మాట్లాడలేను.

గురువారం నేను బయల్దేరాను. వాకిట్లో నా బూట్లు లేవు. జుమ్రా దాచేసింది. "బూట్లెక్కడే" అంటే "పిల్లి ఎత్తుకుపోయింది" అంటోంది. అరిచాను, తిట్టాను, మేజోళ్లతోనే గేటుదాకా వెళ్లాను. అక్కడ ఫిక్రెత్ బస్సు దారికి అడ్డంగా ఆగి ఉంది. నీ ఉత్తరం నిలబడే చదివాను.

శుక్రవారం పొద్దున పారలు పట్టుకుని వచ్చినవాళ్లు ఇదే వాకిట్లో జుమ్రా ఇచ్చిన కాఫీ తాగుతున్నారు. వెళదామా వద్దా అని హోజా ఇంకా నీ ఉత్తరం చదువుతున్నాడు. చప్పుడు నాకు వినపడలేదు. అందరి చేతుల్లో కప్పులు ఒక్కసారి ఆగిపోవడం చూశాను. తర్వాత అరికాళ్లలో తెలిసింది. ఇల్లు ముందు పోయింది, మలుపు, ఆ తర్వాత గుట్ట. దుమ్ము కూడా పెద్దగా లేవలేదు. మట్టి వెళ్లిపోయి నీళ్లు పైకొచ్చాయి. నువ్వు వచ్చేసరికి చూసిన ఆ పచ్చటి చెరువు అదే. మనిషి ప్రాణం ఒక్కటి పోలేదు. పోయినవాళ్లు ముందే పోయినవాళ్లు.

నిన్న పొద్దున డ్రోన్‌ను లేపాను. వాడి రాయి ఉన్నచోటు నా చేతులకు తెలుసు, చూడకుండానే తీసుకెళ్లగలను. దింపడం మొదలుపెట్టాను. పద్నాలుగు కింద, అది మొదటిరోజు నేల. దాటింది. పదహారు, అది పోయిన నెల నేల. అదీ దాటింది. ఇరవై అయిదు మన బావి రాయి, అదీ దాటి ఇంకా కిందికి పోతోంది. కెమెరాలో నీళ్లలో డ్రోన్ నీడ పెద్దదవుతోంది. నలభై దగ్గర నిలిపాను. వాడి మీద ఎంతసేపు నిలబెట్టానో తెలియదు. అప్పుడు తెర మీద ఆ ప్రశ్న వచ్చింది, బ్యాటరీ అయిపోతోంది, వెనక్కి రావాలా అని. అవును అని నొక్కమని ఎల్విర్ నేర్పాడు. "అమ్మా, ఇది ఎప్పుడడిగినా అవుననే అను, లేకపోతే పోగొట్టుకుంటావ్" అనేవాడు. ఇన్నాళ్లూ అవుననే అన్నాను.

నిన్న వద్దు అన్నాను.

మెల్లగా దిగింది. తెర నల్లబడేముందు నలభై ఒకటి అని చూపించింది. నిజమే చెప్పింది. వాడి పక్కన ఏదో ఒకటి మనది ఉండాలి కదా.

ఫిక్రెత్‌ను వచ్చే బస్సుకు సీటు ఉంచమన్నాను. పిల్లిని తెస్తున్నాను, సరిహద్దులో కుక్కల సంగతి వాడు చూసుకుంటాడట. నీ బల్ల సమంగా ఉందో లేదో ముందే చూసి పెట్టు. ఇంట్లో మీరెంతమంది ఉంటే అన్ని కప్పులు, నాకొకటి, ఆ పైన ఇంకొకటి పెట్టు. అంచుదాకా పొయ్యి. ఒలికితే నేను తుడుస్తాను.

ఎల్విర్ అమ్మ, నీ అక్క
షెరిఫా